హనుమక్క కుడి చెయ్యి, ఎడమ చెయ్యి

ధర్మవరంలో పట్టుచీర కొనుక్కున్నవాళ్ళకు దాన్ని నేసినవాడి పేరు తెలియదు. ఆ మగ్గానికి పోగులు అతికిన మనిషి పేరయితే పక్క వీధికే తెలియదు. హనుమక్క పేరు మాత్రం నాలుగు వీధులకు తెలుసు. అది కొంత పనితనం వల్ల, మిగతాది గొంతు వల్ల. ఆవిడ వీధి మొదట్లో ఎవరినైనా పలకరిస్తే, చివరి ఇంట్లో సంగటి కెలుకుతున్నవాళ్ళు కూడా "ఆఁ" అని పలికేవాళ్ళు.

ఆవిడ పనేమిటో ముందు చెప్పుకోవాలి. మగ్గం మీద నిలువు పోగుల వరసను వార్పు అంటారు. ఒక వార్పు నేయడం అయిపోతుండగా చివర జానెడు తోక వదిలేస్తారు. కొత్త వార్పు తెచ్చి, అందులోని ఒక్కొక్క పోగునూ ఆ తోకలోని ఒక్కొక్క పోగుకు అతకాలి. ముడి వేయకూడదు. ముడి వేస్తే దువ్వెన పళ్ళలాంటి అచ్చులో ఇరుక్కుని తెగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ జల్లించిన బూడిద కాస్త అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలితిప్పాలి. అట్లా నాలుగు వేల పైచిలుకు పోగులు. హనుమక్క ఆ పనంతా పొద్దున కూర్చుని పొద్దుగూకేలోపు ముగించేది. మధ్యలో ఊళ్ళో వాళ్ళందరి మంచిచెడ్డలూ మాట్లాడేది కూడా.

పుట్టింది బత్తలపల్లె దగ్గర మెట్టచేలు నమ్ముకున్న ఇంట్లో. వేరుశనగ చేలో కలుపు తీసి, కాయలు పెరికి పెరిగిన పిల్ల. పెళ్ళయి ధర్మవరం వచ్చినరోజు అత్త చెన్నమ్మ ఆ చేతులు తిప్పి చూసి, "ఇవి చేతులా, చేను గట్లా?" అని అడిగిందట. ఆరు నెలలు పట్టు ముట్టనివ్వలేదు. ఆ తర్వాత పని నేర్పింది. పనితోపాటు తన కట్టుబాట్లూ నేర్పింది. వార్పు అతికే రోజు తలకు నూనె పెట్టకూడదు. దోసె తిన్న చేతులను నీళ్ళతో కడిగితే చాలదు, సబ్బుపొడి పెట్టి తోమాలి. లోపలికి పోయేముందు ఒక పట్టుపోగును వేళ్ళ కొసల మీద లాగి చూసుకోవాలి. పోగు ఎక్కడా తగులుకోకపోతేనే గడప దాటాలి.

చెన్నమ్మ కాలం చేసి చాలా ఏళ్ళయింది. కట్టుబాట్లు మాత్రం కోడలి దగ్గర ఇంకా గట్టిపడ్డాయి. అత్త రోజుకు ఒక్కసారి సబ్బుపొడితో కడిగేది. హనుమక్క టీ తాగినా కడిగేది, ఆకు వక్క నమిలినా కడిగేది, ఎవరింటికైనా పోయి వాళ్ళ తలుపు తోసినా కడిగేది. నూనె మరక పట్టు మీద పడితే చీర బతికినన్నాళ్ళూ ఉంటుందని ఆవిడ భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. తప్పంతా సబ్బుపొడిలోనే ఉంది. ఆ సంగతి ఆవిడకు యాభై రెండేళ్ళు వచ్చేదాకా తెలియలేదు.

ఈసారి చలికాలం గాలి మరీ పొడిగా వీచింది. సంక్రాంతి దాటేసరికి హనుమక్క వేళ్ళ కొసలు చీలాయి. చీలికల్లో బూడిదే కూరుకుంది. బూడిద అన్నింటికీ మందేనని ఆవిడ నమ్మకం. మండితే పుండు మానుతోందని లెక్క.

తిప్పయ్య ఇంట్లో రెండు గుంతమగ్గాలు. వాళ్ళ నాయన కాలం నుంచీ ఆ ఇంటి వార్పులన్నీ అతికింది హనుమక్కే. తిప్పయ్య చెడ్డీ వేసుకుని తిరిగే రోజులు ఆవిడకు బాగా గుర్తు, సందు దొరికితే నలుగురిలో గుర్తుచేస్తుంది కూడా. అలాంటి తిప్పయ్య ఒకరోజు మగ్గం దిగి, గడపలో నిలబడి, ఆవిడ ముఖం చూడకుండా మాట్లాడాడు.

"అక్కా, మొన్న అతికిన వార్పులో పదకొండు పోగులు తెగినాయి."

"రేషం పోగే బాగలేదేమో చూడప్పా."

"రేషం బాగుండాది. నీ చేతులే బాగలేవు. నేను చూస్తానే ఉండా, పోగు నీ వేలికి తగులుకుంటాంది, నువ్వు పీకుతాండావు."

హనుమక్క చెయ్యి కొంగు చాటుకు పెట్టుకుంది.

"వచ్చేది బిస్కెట్ కలర్ వార్పు అక్కా. పెండ్లి చీరలు. మరకైనా, తెగినా దాచేదానికి కాదు. ఇరవై దినాలకు వస్తాది. అంతలోపల చేతులు బాగైతే నువ్వే అతుకు. లేకుంటే ఇంగొకర్ని పిలుస్తా. అంతవరకూ రెస్టు తీసుకో."

ఆ చివరి మాట ఆవిడకు సూదిలా దిగింది. ముప్పై ఏళ్ళు పని చేసిన మనిషికి రెస్టు తీసుకో అంటే, ఇంక రావద్దని మర్యాదగా చెప్పడమే కదా అనుకుంది. ఒకసారి ఒకరు మానిపిస్తే నాలుగు ఇళ్ళవాళ్ళు మానిపిస్తారు. పోగులు అతకడం తప్ప తనకు ఇంకేం వచ్చు? చేతులు చూసుకుంటూ ఇంటికి నడిచింది. దారిలో ఇద్దరు పలకరించినా పలకలేదు. వాళ్ళు ఆవిడకు జ్వరమనుకున్నారు.

కూతురు మల్లీశ్వరి రెండు వీధుల అవతల బ్యూటీ పార్లర్ నడుపుతుంది. తల్లి చేతులు చూసి లబోదిబోమని, గులాబీరంగు డబ్బా ఒకటి తెచ్చి పెట్టింది. మూత తీస్తే ఇల్లంతా మల్లెపూల వాసన. "దినానికి నాలుగు తూర్లు పూసుకో మా. మా పార్లర్లో అందరూ ఇదే అడుగుతారు," అంది.

రెండు రోజుల్లోనే చేతులు నున్నగా అయ్యాయి. హనుమక్క సంబరం అంతా ఇంతా కాదు. కూరగాయల బండివాడికి చూపించింది, కుళాయి దగ్గర చూపించింది, గుడికి పోయే దారిలో ఎదురైన పూజారికి కూడా చూపించింది. "నా పెండ్లప్పుడు గూడా ఇంత మెత్తగా లేవు," అని అందరితో చెప్పింది. ఇరవై రోజులెందుకు, రేపు వార్పు తెచ్చినా సిద్ధమే అనుకుంది.

అయితే క్రీము అన్నా జిడ్డే కదా. జిడ్డు ఉంటే మరక పడుతుంది కదా. అందుకని పూసిన ప్రతిసారీ కాసేపాగి సబ్బుపొడితో కడిగేది. కడిగితే చర్మం లాగినట్టుండేది. అప్పుడు మళ్ళీ పూసేది. రోజంతా అదే పని. ఇంట్లో కూర్చుని చెత్త పట్టుతో అతకడం అలవాటు తప్పకుండా చూసుకునేది. ఎనిమిదో రోజు బూడిద అద్దుకోగానే వేళ్ళు భగ్గుమన్నాయి. చీలికలు పైకి కనబడటం లేదు కానీ వేళ్ళ సందుల్లో ఎరుపు, దురద, చిన్న చిన్న పొక్కులు. నున్నటి చేతులు అంతగా మండటం ఏమిటో ఆవిడకు అంతుబట్టలేదు.

పట్టణ ఆరోగ్య కేంద్రంలో కృపాకుమారి అని నర్సు ఉంది. హనుమక్కకు నెలనెలా బీపీ చూసేది ఆవిడే. ఇద్దరికీ పదేళ్ళ పరిచయం, పదేళ్ళ పోట్లాట. ఉప్పు తగ్గించమని ఆవిడ, ఊరగాయ లేకుంటే ముద్ద దిగదని ఈవిడ.

"చేతులేం చేసుకున్నావు హనుమక్కా? కాగే నీళ్ళల్లో పెట్టినావా?"

"క్రీము పూసినా సిస్టరమ్మా. మెత్తగా అయినాయి. మెత్తగైనాంక మండుతాండాయి. ఇదేం న్యాయం?"

కృపాకుమారి డబ్బా అందుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, వెనకాల ఉన్న చీమ తలకాయంత అక్షరాలు చదివింది. తర్వాత రోజుకు ఎన్నిసార్లు కడుగుతావని అడిగింది, దేంతో కడుగుతావని అడిగింది. జవాబులు విని తల పట్టుకుంది.

"మెత్తగుంటే బాగైనట్టు కాదు హనుమక్కా. తోలు మీద సన్నటి పైపొర ఒకటి ఉంటాది. కాపలా అంతా దానిదే. లోపలి తడిని బయటికి పోనీదు, బయటి ఘాటును లోపలికి రానీదు. ఆ పొరను పట్టుకోనుండేది కొవ్వు మాదిరి జిగురు. నువ్వు సబ్బుపొడి పెట్టి ఆ జిగురంతా తోమేసినావు. దాని మీద ఈ వాసన క్రీము పూసినావు. ఇది పైన నున్నగా చేసింది గానీ పొరను గట్టి చేయలా. అన్ని క్రీములూ ఒకటి కాదు. కొన్ని పూస్తే పొర బలపడతాది, కొన్ని పూసే కొద్దీ ఇంగా బలహీనమైతాది. అప్పుడు బూడిద తిన్నగా లోపలికే దిగుతాది. మండకుండా ఏం చేస్తాది?"

అద్దకంవాళ్ళ ఇంట్లో కాగే బాన హనుమక్క కళ్ళ ముందుకొచ్చింది. పచ్చి పట్టు బిరుసుగా, మొండిగా ఉంటుంది. సబ్బూ సోడా వేసి ఉడికిస్తే దాని జిగురంతా ఊడిపోతుంది. అప్పుడే అది మెత్తబడి మెరుస్తుంది, అప్పుడే తూకమూ తగ్గుతుంది.

"అంటే నేను నా చేతుల్ని రేషం ఉడికించినట్ల ఉడికించుకున్నానా?"

కృపాకుమారికి పట్టు ఉడికించే సంగతి తెలియదు. హనుమక్క చెప్పింది. విని ఆవిడ చీటీ రాయడం ఆపి, "ఇంగ నేను మగ్గాలోళ్ళకంతా ఇదే చెప్తా," అంది. హనుమక్కకు మంట సగం తగ్గినట్టనిపించింది.

చీటీలో ఉన్నవి రెండు. చీలికల్లో పెట్టుకోవడానికి ఉత్త వాసెలిన్. చేతులంతా పూసుకోవడానికి వాసన లేని తెల్ల క్రీము. "దీంట్లో గ్లిజరినూ, కొంచెం యూరియా ఉంటాయి," అంది నర్సు.

"యూరియానా? శనక్కాయ చేన్లకు చల్లేదా?"

"పేరు అదే. మూటలోది తీసి పూసుకునేవు తల్లీ! ఇది శుభ్రం చేసి రవ్వంత కలుపుతారు. తోల్లో తడి నిలబెడతాది. కడుక్కున్నాంక చెయ్యి తడితడిగా ఉండంగానే పూయాల. సబ్బుపొడి ముట్టొద్దు. పని ముందర గంట ఆగి, పాత నూలుగుడ్డతో తుడుచుకుంటే జిడ్డు ఉండదు. రెండు చేతులకూ పూయి."

అన్నీ శ్రద్ధగా విని తల ఊపింది. ఇంటికొచ్చి అందులో సగమే చేసింది. ఆవిడను నేను వెనకేసుకు రాలేను. యూరియా సంగతి మెట్టచేల బిడ్డకు ఒకరు చెప్పాలా? తడి లేని నేల మీద చల్లితే పైరు మాడిపోవడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూడలేదు! అయినా తొందరపడి ఆరిన చేతికే మొదటిసారి పూసుకుంది. చురుక్కుమంది. అంతే, అనుమానం ఖాయమైంది. రెండు చేతులనూ ఒళ్ళో పెట్టుకుని తీర్పు చెప్పింది. మెలి తిప్పే కుడి చెయ్యి ఇంటికి పెద్దకొడుకులాంటిది, దాన్ని ఎరువు పాలు చేయడానికి లేదు. దానికి కూతురు తెచ్చిన మల్లెపూల క్రీము, అలవాటైన సబ్బుపొడి. ఎడమ చెయ్యి ఎట్లాగూ పోగులు ఏరి అందించేదే కాబట్టి ప్రయోగం దాని మీద చేద్దాం. ఎడమ చేతికి తడి మీద తెల్ల క్రీము, చీలికల్లో వాసెలిన్, ఉత్త నీళ్ళ కడుగుడు. ఒక చేతిని సబ్బుపొడితో కడుగుతూ రెండో చేతిని దూరంగా ఎత్తిపట్టుకుని ఆవిడ పడిన తిప్పలు చూసి మల్లీశ్వరి నవ్వి నవ్వి సోలింది.

ఆరో రోజున పట్టుపోగు తీసి వేళ్ళ మీద లాగింది. ఎడమ చేతి మీద జారిపోయింది. కుడి చేతి చూపుడువేలి దగ్గర ఆగింది. మళ్ళీ లాగింది. మళ్ళీ ఆగింది. బూడిద అద్దితే ఎడమ చెయ్యి ఊరుకుంది, కుడి చెయ్యి కుతకుతమంది. ఆవిడ అట్లాగే కూలబడింది. గారాబం చేసిన చెయ్యే చెడింది. తిప్పయ్య ఇచ్చిన గడువులో ఇంక అయిదు రోజులే మిగిలాయి. తన మొండితనం మీద తనకే కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ గులాబీ డబ్బాను విసిరేయబోయి కూతురు గుర్తొచ్చి ఆగింది.

"పారేయొద్దులే హనుమక్కా," అంది కృపాకుమారి, ఆ పూటే ఆరోగ్య కేంద్రానికి పోతే తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాక. "బూడిద ముట్టనోళ్ళకు, సబ్బుపొడిలో నాననోళ్ళకు దాంతో ఏం బాధ లేదు. నీ చేతులకు అది పనికిరాదు, అంతే. కుడి చేతికి గూడా ఈ పొద్దు నుంచే తెల్లది పూయి. అయిదు దినాల్లో మానుతాదని మాత్రం నేను చెప్పలేను."

అది మానలేదు కూడా. మంట తగ్గింది, ఎరుపు తగ్గింది, పొక్కులు ఎండాయి. చూపుడువేలి కొస మాత్రం గరుకుగానే ఉండిపోయింది.

ఇరవయ్యో రోజు వార్పు వచ్చింది. తిప్పయ్య మనిషిని పంపాడు. హనుమక్క స్నానం చేసి, తలకు నూనె లేకుండా జడ వేసుకుని బయలుదేరింది. దారి పొడవునా ఒకటే ఆలోచన. తిప్పయ్య అడిగితే ఎడమ చెయ్యి చూపించొచ్చు. నున్నగా, ముచ్చటగా ఉంది. మెల్లగా, జాగ్రత్తగా చేస్తే నాలుగైదు పోగుల కంటే ఎక్కువ తెగవేమో. తెగినా, రేషం మీదికి నెట్టొచ్చు. ఈ వార్పు దాటితే చాలు, తర్వాతి వార్పుకు చెయ్యి పూర్తిగా బాగైపోతుంది.

మగ్గం గది గడపలో తిప్పయ్య ఎదురొచ్చాడు. లోపల బిస్కెట్ రంగు వార్పు పరిచి ఉంది. కిటికీలోంచి వచ్చే ఎండ పడి అది పాల మీద మీగడలా మెరుస్తోంది. అంత అందమైన వార్పు ఈ మధ్య రాలేదు. హనుమక్క దాన్ని చూసింది, అంతే, దారిలో ఆలోచించిందంతా మరిచిపోయింది.

"ఒక పోగు ఇయ్యప్పా," అంది.

తిప్పయ్య ఇచ్చాడు. ఎడమ చేతి వేళ్ళ మీద లాగి చూపించింది. జారింది. కుడి చేతి మీద లాగింది. చూపుడువేలి కొసన తగులుకుని నిలిచింది.

"కుడి చెయ్యి బాగు కాలేదు తిప్పయ్యా. తప్పు నాదే. ఒక చేతికి మందు పూసి, ఒక చేతికి సోకు పూసినా. ఈ వార్పు నేను ముట్టుకుంటే పాడైతాది. ఎవురినన్నా పిలుచుకో. ఇది చెప్పేదానికే వచ్చినా."

చెప్పేసి వెనక్కి తిరిగింది. చెప్పులు కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళు.

"ఉండు," అన్నాడు తిప్పయ్య. "పోగులు ఏరి అందించే చెయ్యి ఏది?"

"ఎడమది."

"అది బాగుండాది గదా. తెగిన పోగుకు మెలి పెట్టేది నాకూ వస్తాది, దినామూ మగ్గం మీద చేసేదే. నువ్వు అందియ్యి, నేను తిప్పుతా. రా, కూచో."

మగ్గం మీద కూర్చునేవాళ్ళు అతుకుడు పనికి కూర్చోరు. అది ఆ వీధుల్లో ఎవరూ రాయని చట్టం. తిప్పయ్య భార్య గంగాదేవి తలుపు దగ్గర నోరు తెరుచుకుని నిలబడింది. పైగా కొత్త వార్పు, పెళ్ళి చీరలు, ఎడమ చేత్తో అందించడమా అని ఆవిడ గొణిగింది. "మొదటి పోగు కుడి చేత్తో మెలేసేది నేనే గదా, ఇంగేం?" అన్నాడు తిప్పయ్య, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి.

హనుమక్క కుడి చేతిని కొంగులో చుట్టి నడుము దగ్గర దోపుకుంది. ఎడమ చేత్తో పాత తోకలోంచి ఒక పోగు, కొత్త వార్పులోంచి ఒక పోగు ఏరి, రెండు కొసలూ కలిపి అందించింది. తిప్పయ్య బూడిద అద్దుకుని తిప్పాడు. ఆవిడ చూసింది. "వదులు. ఇంగోతూరి తిప్పు," అంది. తిప్పాడు. మొదటి వంద పోగులకే ఆవిడ గొంతు మామూలైపోయింది. నువ్వు చెడ్డీ వేసుకున్నప్పుడే ఇంతకంటే బాగా తిప్పేవాడివని కూడా అనేసింది.

మధ్యాహ్నానికి తిప్పయ్య నడుము పట్టేసింది. సాయంత్రానికి సగమే అయింది. మరునాడు మళ్ళీ కూర్చున్నారు. రెండో రోజు మధ్యాహ్నం దాటాక తిప్పయ్య మాటలు తగ్గించాడు. మాటిమాటికీ వేళ్ళు ఊదుకుంటున్నాడు. హనుమక్క గమనించింది.

చివరి పోగు అతికేసరికి పొద్దు వాలింది. తిప్పయ్య మెల్లగా వార్పును ముందుకు లాగాడు. అతుకులన్నీ వరసగా అచ్చు పళ్ళలోంచి ఇవతలికి వచ్చాయి. ఒక్కటి కూడా తెగలేదు. గంగాదేవి చప్పట్లు కొట్టింది. తిప్పయ్య మాత్రం కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో తన బొటనవేలూ చూపుడువేలూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అక్కా, ఈ బూడిద ఇంత మండుతాదా?"

"మండుతాది."

"నీకూ మండుతాండెనా? ఇన్నేండ్లూ?"

"చలికాలం రాంగానే మండుతాండె."

"మా నాయనకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. ఎందుకక్కా?"

"మీరు పోగులెన్ని తెగినాయని అడిగినారు గానీ, చెయ్యి ఎట్లుందని యాడ అడిగినారప్పా?"

తిప్పయ్య మగ్గం దగ్గరికి వచ్చాడు. అతుకుల వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. నాలుగు వేల అతుకులు, ఇద్దరు మనుషులు, రెండు రోజులు.

"ఇంగ మీద మా ఇంట్లో వార్పు రెండు దినాల పని అక్కా," అన్నాడు. "ఒక్క దినంలో కావాలనేటోడు వాని చేతుల్తో వాడే అతుక్కోవాల. రెండు దినాలూ తిండి మాదే."

హనుమక్కకు అప్పుడు నిజంగానే ఏడుపు వచ్చింది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆపుకుని, గంగాదేవిని గోరువెచ్చని నీళ్ళు తెమ్మంది. సబ్బుపొడి తేబోతే కసిరింది. తిప్పయ్య చేతులు కడిగించి, తన సంచిలోంచి తెల్ల క్రీము తీసింది. తడి ఆరకముందే పూసుకోవాలని చెబుతూ అతని వేళ్ళకు తనే పూసింది.